మూడువేల మైళ్ళు ఎవరు చెప్పారు? - ఇంజనాయిలు మార్పు వెనక నూరేళ్ళ కథ

మెకానికల్ ఇంజనీరింగ్ చదివి జావాలో తేలినవాళ్ళు మన ఫీల్డులో లెక్కలేనంతమంది. నేనూ ఆ బాపతే. ఫ్యూయల్స్ ల్యాబులో రెడ్‌వుడ్ విస్కోమీటరు ముందు స్టాప్‌వాచీ పట్టుకుని, 50 మిల్లీలీటర్ల నూనె కింద ఫ్లాస్కులోకి దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ సెకన్లతో తర్వాత ఏం చేసుకోవాలో మాత్రం మాకెవరూ చెప్పలేదు. కాంపస్ సెలక్షన్లొచ్చాయి, అందరం సి ప్లస్ ప్లస్ పుస్తకాలు కొనుక్కున్నాం, కథ కంచికి.

ఆ సెకన్లకి అర్థం నాకు డాలస్ వచ్చాక, ఓ పాత 2006 ఫోర్డ్ ఎఫ్-150 కొన్నాక తెలిసింది. మన వైపు పికప్ అంటే మిర్చి బస్తాలేసుకుని యార్డుకి పోయే బొలెరో. ఇక్కడ టెక్సాస్‌లో పికప్ అంటే పెళ్ళాం పిల్లలతో సహా కాస్కోకి వెళ్ళే బండి. నా బండి అద్దం మీద ఎడమ మూల ఓ స్టిక్కరుండేది. పాత ఓనరు అంతకుముందు ఆయిలు మార్పించిన షాపువాడు అంటించింది. తర్వాతి ఆయిల్ చేంజ్ ఇంకో 3000 మైళ్ళకి అని దాని సారాంశం. గ్లవ్‌బాక్సులో ఉన్న ఓనర్స్ మాన్యువల్ తీస్తే అందులో మామూలు వాడకానికి 5000 మైళ్ళు లేదా ఆర్నెల్లు అనుంది. బండి చేసినవాడు ఒక మాట, ఆయిలు అమ్మేవాడు ఒక మాట. ఏది నమ్మాలి? అసలీ అంకెలు ఎవరు, ఎప్పుడు, దేన్ని చూసి పెట్టారు? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే చాలా దూరమే వెళ్ళాల్సొచ్చింది.

ముందు పనేమిటో చూద్దాం, ఎప్పుడూ చెయ్యనివాళ్ళ కోసం. బండిని కాసేపు నడిపి ఇంజను గోరువెచ్చగా అయ్యాక ఆపాలి, ఆయిలు పల్చబడి తేలిగ్గా కారుతుంది. బండి కిందకి దూరి, ఇంజను అడుగునున్న పళ్ళెంలాంటి భాగానికి ఉండే బోల్టు విప్పాలి. కింద తొట్టి పెట్టాలి. నల్లటి ఆయిలంతా కారిపోయాక బోల్టు బిగించి, పాత ఫిల్టరు తిప్పి తీసేసి, కొత్తదాని రబ్బరు వాషరుకి వేలితో కాస్త ఆయిలు రాసి చేత్తోనే బిగించాలి. పాత రబ్బరు వాషరు ఇంజనుకే అంటుకుని ఉండిపోలేదు కదా అని చూస్కోవాలి, రెండు రబ్బర్లు కలిస్తే కారుతుంది. పైనుంచి కొత్త ఆయిలు పొయ్యాలి, నా 4.6 లీటర్ల ఇంజనుకైతే ఆరు క్వార్టులు, అంటే ఐదున్నర లీటర్ల పైన. ఓ నిమిషం స్టార్ట్ చేసి, ఆపి, పుల్ల తీసి మట్టం చూడాలి. అంతే. కారుకైతే జాకీ ఎత్తాలి, స్టాండ్లు పెట్టాలి, కింద ఉన్నంతసేపూ దేవుణ్ణి తలుచుకోవాలి. పికప్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి అట్టపెట్టె చింపి నేలమీద పరుచుకుని నేరుగా దూరిపోవచ్చు. అమెరికాలో ఇంటి దగ్గర ఆయిలు మార్చుకునేవాడు అనగానే పికప్పే కళ్ళముందుకి రావడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం.

చూడ్డానికి ఇరవై నిమిషాల పని. కానీ ఇందులో ఒక్కో వస్తువూ ఒక్కో దశాబ్దంలో వచ్చి చేరింది.

కందెన సంగతి మనకి కొత్తేం కాదు. సుమతీ శతకకారుడు ఊరి కరణాలతో మంచిగా ఉండమని చెప్పడానికి ఇరుసు, కందెన పోలికే తెచ్చుకున్నాడు (లంచానికి ఇంత మంచి ఉపమానం ఇంకో భాషలో ఉందో లేదో). కానీ నూనె రాస్తే ఇరుసు ఎందుకు అరగదో లెక్కగా తెలిసింది 1880లలోనే. ఇంగ్లాండులో బీచంప్ టవర్ అనే ఇంజనీరు 1883లో రైలు బండి ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, నూనె పోద్దామని బేరింగు నెత్తిన ఓ రంధ్రం చేశాడు. ఇరుసు తిరుగుతుంటే నూనె లోపలికి వెళ్ళడం మానేసి పైకి తన్నుకొచ్చింది. బిరడా పెడితే బిరడా ఊడొచ్చింది. ప్రెషర్ గేజి పెట్టి చూస్తే, ఆ నూనె పొర ఇరుసు మీదున్న బరువు మొత్తాన్నీ మోస్తోందని తేలింది. ఇనుము ఇనుముని తాకట్లేదు, మధ్యలో నూనె మీద తేలుతోంది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి గణితం రాశాడు. అవును, ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో మనల్ని ఏడిపించిన రేనాల్డ్స్ నంబరు రేనాల్డ్సే. ఆ పొర నిలబడాలంటే నూనె చిక్కదనం సరిపోవాలి. మన ల్యాబులో సెకన్లు లెక్కపెట్టింది అందుకన్నమాట.

ఇప్పుడు ఫోర్డ్ దగ్గరికొద్దాం. 1908లో వచ్చిన మోడల్ టీకి ఆయిల్ పంపు లేదు, ఆయిల్ ఫిల్టరు లేదు, గాలి ఫిల్టరూ లేదు, మట్టం చూసుకునే పుల్ల కూడా లేదు. ఫ్లైవీల్ గిర్రున తిరుగుతూ అడుగునున్న ఆయిలుని పైకి చిమ్మేది. అందులో కొంత ఓ గరాటులో పడి, సన్నటి గొట్టం గుండా ఇంజను ముందు భాగానికి పోయి, అక్కణ్ణుంచి వాలు మీద వెనక్కి పారుతూ కనెక్టింగు రాడ్ల కిందున్న గుంటలు నింపేది. రాడ్లు ఆ గుంటల్లో మునిగి లేస్తూ మిగతా చోట్లకి చిలకరించేవి. అంతా గురుత్వాకర్షణ దయ. గేరుపెట్టె కూడా అదే ఆయిలులో మునిగి ఉండేది, మన స్ప్లెండర్ బండిలోలాగే. మట్టం చూడాలంటే బండి కిందికి వంగి రెండు చిన్న కుళాయిలు తిప్పాలి. పైదాన్లోంచి కారితే నిండుగా ఉన్నట్టు, కిందదాన్లోంచి కూడా రాకపోతే ప్రమాదమన్నట్టు. బురదలో పడుకోలేక జనం పొడుగాటి కడ్డీలు కొనుక్కుని వాటితో కుళాయి తిప్పేవాళ్ళు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం వేరే ఉంది. ఫోర్డ్ ఆ బండితో ఇచ్చిన పుస్తకం ప్రశ్న-జవాబు పద్ధతిలో ఉండేది. మన భాషలో ఎఫ్‌ఏక్యూ. అందులో ఆయిలు మార్పు మెకానిక్కుకి సంబంధించిన పనిగా కాక, ఓనరు చేసుకునే పనిగానే రాసుంది. కొత్త బండి నాలుగైదు వందల మైళ్ళు తిరగ్గానే ఓసారి, ఆ తర్వాత సుమారు వెయ్యి మైళ్ళకోసారి అడుగు బిరడా విప్పి పాత ఆయిలు పారబొయ్యమని 1910ల నాటి ప్రతుల్లో ఉంటుంది. కొన్నవాళ్ళలో రైతులే ఎక్కువ, దగ్గర్లో మెకానిక్ ఉండడు, కాబట్టి యంత్రం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే విప్పుకునేలా ఉండాలి. ఫోర్డ్ మంచితనం గురించి నాకంత భ్రమలేం లేవు గానీ, ఈ ఒక్క డిజైన్ నిర్ణయం మాత్రం వందేళ్ళు నిలబడింది. అడుగున ఒక బిరడా, పైన ఒక మూత.

రైతులు అక్కడితో ఆగలేదు. మోడల్ టీ వెనక భాగం కోసేసి, చెక్కపెట్టె బిగించి సామాన్లు తోలుకోవడం మొదలెట్టారు. 1917లో ఫోర్డ్ టన్ను బరువు మోసే మోడల్ టీటీ ఛాసీ అమ్మింది. చివరికి 1925లో ఫ్యాక్టరీలోనే వెనక పెట్టె బిగించిన బండిని 281 డాలర్లకి వదిలింది. ఫోర్డ్ పికప్ వంశానికి అదే మూలపురుషుడు. 1948లో ఎఫ్-సిరీస్ వచ్చింది. 1977 నుంచి అమెరికాలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడయ్యే ట్రక్కు ఆ ఇంటిపేరుదే.

వెయ్యి మైళ్ళేమిటి, మరీ అంత త్వరగానా అనిపిస్తుంది ఇప్పుడు. కారణాలున్నాయి. మట్టిరోడ్లు, ఇంజన్లోకి దుమ్ము నేరుగా పోయేది. చలికాలంలో సగం కాలని పెట్రోలు సిలిండర్ గోడల వెంట దిగి ఆయిలుని పల్చన చేసేది. మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి కింద చేరి ఆయిలుతో కలిసి మడ్డి కట్టేది. వీటన్నిటికీ ఒకటే మందు, పారబోసి కొత్తది పొయ్యడం. అంటే ఆ తొలినాటి అంకె పరిస్థితులకి తగ్గ అంకే.

తర్వాత ఆ పరిస్థితులు ఒకటొకటిగా మారాయి. 1923లో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్, జార్జ్ గ్రీనాల్ కలిసి కారు ఇంజనుకి ఆయిల్ ఫిల్టరు తయారుచేసి ప్యూరోలేటర్ అని పేరు పెట్టారు. స్వచ్ఛమైన ఆయిలు తర్వాత అనే మూడు ఇంగ్లీషు మాటల్ని కుదించిన పేరది (స్టార్టప్పులకి పేర్లు పెట్టే పిచ్చి ఇప్పటిది కాదు). 1924లో వచ్చిన క్రైస్లర్ కారులో ఆయిల్ ఫిల్టరూ, గాలి ఫిల్టరూ రెండూ ఉన్నాయి. కాకపోతే ఆ రోజుల్లో ఫిల్టరు పక్కదారిలో ఉండేది, మొత్తం ఆయిలు అందులోంచి పోయేది కాదు, కొంత మాత్రమే. మొత్తం ఆయిలు వడకట్టే పద్ధతి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గానీ మామూలవలేదు. 1950ల మధ్యలో, డబ్బాలాంటి ఫిల్టరుని చేత్తో తిప్పి బిగించే ఏర్పాటు వచ్చింది. అంతకుముందు గిన్నెలాంటి గూడు విప్పి, లోపలి గుడ్డనో కాగితాన్నో మార్చి, గూడు కడిగి పెట్టాలి. ఇంట్లో చేసుకునేవాడికి ఇంతకంటే పెద్ద వరం ఇంకోటి లేదు.

రెండో మార్పు, అంకెలు. ఎస్‌ఏఈ, అంటే ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం, 1905లో పుట్టింది. 1911లో ఆయిళ్ళకి మొదటి ప్రమాణాలు రాసింది. తర్వాత 20, 30, 40 అంటూ చిక్కదనానికి అంకెలొచ్చాయి, ఆ తర్వాత చలికాలపు లెక్కకి డబ్ల్యు అక్షరం వచ్చి చేరింది. నా బండికి 5డబ్ల్యు-20. చలిలో 5 గ్రేడులా పల్చగా, వేడెక్కాక 20 గ్రేడులా. ఈ అంకె ఏ కంపెనీ సొంత ఆస్తీ కాదు. ఏ కొట్లో ఏ బ్రాండు కొన్నా 5డబ్ల్యు-20 అంటే ఒకటే నిర్వచనం. మన భాషలో ఓపెన్ స్టాండర్డ్ అన్నమాట. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 1947లో నాణ్యతకి కూడా వర్గాలు పెట్టింది, 1970 ప్రాంతంలో అవి ఎస్ఎ, ఎస్‌బి అనే అక్షరాల వరసగా మారి, 2020లో ఎస్‌పి దాకా వచ్చాయి. ఈ రెండూ లేకపోతే డీలరు ఏ సీసా చూపిస్తే అదే పోసుకుంటూ ఉండేవాళ్ళం.

ఎందుకంటే ఆయిలు అమ్మకంలో మోసం బాగా పాత సంగతి. 1920లలో బంకుల్లో ఆయిలు విడిగా పీపాల్లోంచి గాజు సీసాల్లో పోసి అమ్మేవాళ్ళు. ఖరీదైన బ్రాండు సీసాలో చవక ఆయిలు నింపితే చూసి పట్టుకోవడం ఎవరి తరం? కిరాణా కొట్లో కల్తీ నూనె కథే. 1930లలో కంపెనీలు సీలు వేసిన రేకు డబ్బాలు తేవడం వెనక ఈ గొడవ కూడా ఉంది. ఆ డబ్బాలు తర్వాత అట్టవి అయ్యాయి, 1980లలో ప్లాస్టిక్ సీసాలొచ్చాయి. కొనుక్కుని ఇంటికి తీసుకెళ్ళి మనమే పోసుకునే వీలు ఈ డబ్బాలతోనే పెరిగింది.

మూడోది రసాయనం. 1930లలో క్యాటర్‌పిల్లర్ డీజిల్ ఇంజన్లలో పిస్టన్ రింగులు మసితో బిగుసుకుపోతుంటే, మసిని అంటుకోనివ్వకుండా ఆయిల్లోనే తేల్చి ఉంచే డిటర్జెంటు మందులు కలపడం మొదలైంది. తర్వాత అవి పెట్రోలు బండ్లకీ వచ్చాయి. ఆయిలు నల్లగా అయిందంటే పాడైపోయిందని మనవాళ్ళు అనుకుంటారు గానీ, నల్లబడ్డమంటే అది తన పని తాను చేస్తున్నట్టు. రంగు చూసి మార్చమనేవాణ్ణి నమ్మొద్దు.

ఇవన్నీ కలిసేసరికి అంకె పెరగాలి, పెరిగింది కూడా. 1960లకి చాలా కంపెనీలు కొన్ని వేల మైళ్ళ దాకా వెళ్ళాయి. 1980లనాటికి అమెరికన్ మాన్యువళ్ళలో మామూలు వాడకానికి 7500 మైళ్ళు, కఠినమైన వాడకానికి 3000 అని రెండు లెక్కలు కనిపిస్తాయి. ఈ లోపల 1972లో ఆమ్సాయిల్, 1974లో మొబిల్ 1 సింథటిక్ ఆయిళ్ళు అమ్మకానికొచ్చాయి, అవైతే 25,000 మైళ్ళని ఊదరగొట్టాయి. మరి స్టిక్కరు మీద 3000 ఎక్కడిది?

దీనికి 1973 అరబ్ చమురు ఆంక్షల దగ్గరికి వెళ్ళాలి. అప్పటిదాకా అమెరికా బంకుల్లో కుర్రాడొచ్చి పెట్రోలు కొట్టి, అద్దం తుడిచి, బానెట్ ఎత్తి ఆయిలు మట్టం చూసేవాడు. వెనక షెడ్డులో మెకానిక్ ఉండేవాడు. పెట్రోలు కరువై, ధరలు పెరిగి, లాభాలు తగ్గి చాలా బంకులు మూతపడ్డాయి. మిగిలినవి షెడ్డు ఎత్తేసి, ఎవరి పెట్రోలు వాళ్ళే కొట్టుకునే పద్ధతికి మారాయి. ఆయిలు ఎవరు మార్చాలి? కొంతమంది కేమార్ట్ లాంటి కొట్లలో చవగ్గా డబ్బాలు కొనుక్కుని ఇంట్లో మార్చుకోవడం మొదలెట్టారు. మిగిలినవాళ్ళ కోసం పది నిమిషాల దుకాణాలొచ్చాయి. 1971లో యూటాలోని ఆగ్డెన్‌లో మొదలైన జిఫీ ల్యూబ్‌ని 1979లో జేమ్స్ హైండ్‌మన్ అనే మాజీ ఫుట్‌బాల్ కోచ్ కొని దేశమంతా విస్తరించాడు. కింద గొయ్యి, పైన బండి, ఇద్దరు కుర్రాళ్ళు. మంచి ఐడియా, కాదనను.

కానీ ఆ వ్యాపారంలో ఉన్నది ఒకటే లెక్క. కస్టమరు ఏడాదికి ఎన్నిసార్లు వస్తాడన్నది. మాన్యువల్లో రెండంకెలున్నాయి కదా, చిన్నది తీసి స్టిక్కరు మీద రాశారు. వాళ్ళు కొత్తగా కనిపెట్టలేదు, కఠినమైన వాడకం అనే షరతు ఒక్కటి వదిలేశారు. డేటా అబద్ధం కాదు, వేర్ క్లాజు తీసేశారంతే :-)

1996లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక దీన్ని న్యూయార్క్ ట్యాక్సీల మీద పరీక్షించింది. 75 ట్యాక్సీలు, ఒక్కోటీ 60,000 మైళ్ళు. కొన్నిటికి 3000కి, కొన్నిటికి 6000కి ఆయిలు మార్చి చివర్లో ఇంజన్లు విప్పి కొలిస్తే, అరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పొద్దస్తమానం తిరిగే ట్యాక్సీ ఇంజను చల్లారదు కాబట్టి, రోజూ రెండు మైళ్ళు పోయొచ్చే బండికి ఇది వర్తించదని కొందరు వాదించారు. ఆ వాదనలో న్యాయముంది. కాలిఫోర్నియా ప్రభుత్వమైతే జనం అనవసరంగా ఆయిలు పారబొయ్యకుండా, మీ మాన్యువల్లో అంకె ఎంతో చూసుకోండి అని ఏకంగా ప్రచారమే చేసింది.

మన సాఫ్ట్‌వేరోళ్ళకి ఇష్టమైన ఘట్టం ఇప్పుడు. 1980లలో జనరల్ మోటర్స్ పరిశోధనశాలలో షర్లీ ష్వార్ట్జ్, డొనాల్డ్ స్మొలెన్‌స్కీ అనే ఇద్దరు ఇదే ప్రశ్నని తిరగేశారు. మైళ్ళు లెక్కపెట్టడం ఎందుకు, ఆయిలు నిజంగా ఎంత అలిసిపోయిందో లెక్కకట్టలేమా అని. ఆయిల్లో ఏ సెన్సరూ పెట్టలేదు. బండి కంప్యూటరుకి రెండు విషయాలు ఎలాగూ తెలుసు: ఇంజను ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడిలో తిరిగింది. ఒక ఆయిలు జీవితకాలానికి ఇన్ని చుట్లని పెద్ద అంకె పెట్టుకుని, ఒక్కో చుట్టుకీ ఒకటి చొప్పున తగ్గిస్తూ పోవడం. ఇంజను మరీ చల్లగా ఉన్నా, మరీ వేడెక్కినా ఒకటి కాక ఎక్కువ తగ్గించడం. 1987లో ఎస్‌ఏఈ పేపరుగా అచ్చేశారు, 1988 నుంచి ఓల్డ్స్‌మొబీల్ కార్లతో మొదలుపెట్టి వాడారు. డ్యాష్‌బోర్డు మీద ఆయిలు ఇంత శాతం మిగిలిందని కనబడుతుందే, దాని పూర్వీకుడు ఇదే.

ఎంత సింపుల్ కోడు! కానీ ఒక్కటి గమనించండి. ఆ ప్రోగ్రాము ఆయిలుని ఎప్పుడూ చూడదు. మీరు ఆయిలు మార్చి రీసెట్ నొక్కకపోతే కొత్త ఆయిలుని చచ్చిపోయిందంటుంది. మార్చకుండా రీసెట్ నొక్కితే (చాలా జీఎం బండ్లలో తాళం తిప్పి యాక్సిలరేటరు మూడుసార్లు తొక్కితే చాలు) నల్లటి మడ్డిని నూటికి నూరు శాతమంటుంది. మట్టం తగ్గిపోయినా దానికి తెలీదు. తర్వాత కొన్ని జర్మన్ కార్లలో నిజంగానే ఆయిలు గుణం కొలిచే సెన్సర్లొచ్చాయి, అదే చేత్తో పుల్ల కూడా పీకేశారు. నాకది నచ్చదు. మోడల్ ఉండొచ్చు, పక్కనే లాగ్ ఫైలూ ఉండాలి. పుల్ల అంటే లాగ్ ఫైలే.

ఇంత సేపూ ఓనరు స్వేచ్ఛ గురించి గొప్పగా చెప్పాను. దాని రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. తీసిన ఆయిలు ఎక్కడికి పోయింది? దశాబ్దాల తరబడి నేలలోకే పోయింది. 1963 జనవరి పాపులర్ సైన్స్ పత్రికలో ఇంటి చిట్కాల కింద, పెరట్లో గొయ్యి తవ్వి, సన్న కంకర నింపి, పాత ఆయిలు అందులో పొయ్యమని సలహా ఇచ్చారు. తర్వాతి మార్పు నాటికి నేల పీల్చేసుకుంటుందట! అప్పట్లో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. దుమ్ము లేవకుండా మట్టిరోడ్ల మీద పాత ఆయిలు చల్లడం కూడా మామూలు విషయం. మిస్సోరీలో టైమ్స్ బీచ్ అనే రెండువేల పైచిలుకు జనాభా ఊరు 1970లలో రోడ్లకి అలాగే ఆయిలు కొట్టించింది. ఆ కాంట్రాక్టరు ఆయిల్లో ఓ రసాయన ఫ్యాక్టరీ వ్యర్థాలు, డయాక్సిన్‌తో సహా, కలిసి ఉన్నాయి. 1982 డిసెంబర్లో వరదలొచ్చిన సమయానికే పరీక్షల ఫలితాలు రావడంతో ఊరొదిలి పొమ్మన్నారు, 1983లో ప్రభుత్వం ఇళ్ళన్నీ కొనేసింది. ఇప్పుడక్కడ ఊరు లేదు, పార్కుంది. చంపింది ఇంజనాయిలు కాదు, డయాక్సిన్. కానీ పాత ఆయిలంటే ఎవరికీ లెక్కలేని వస్తువు కాబట్టే అందులో ఏది కలిపినా ఎవరూ అడగలేదు.

ఒక్కసారి మార్చిన ఆయిలు పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెప్పే లెక్క. 1980లో పాత ఆయిలు రీసైక్లింగుకి ఫెడరల్ చట్టం, 1992లో వివరమైన నిబంధనలు వచ్చాయి. 1991లో కాలిఫోర్నియా పాత ఆయిలు తెచ్చిచ్చినవాడికి ఎదురు డబ్బులిచ్చే చట్టం చేసింది. ఇప్పుడు పెద్ద ఆటోపార్టుల కొట్లు చాలావరకు పాత ఆయిలు ఊరికే తీసుకుంటాయి. నేనూ అక్కడే ఇస్తాను. మన దగ్గర సంగతి తెలిసిందే. విజయవాడ ఆటోనగర్‌లో దిగిన నల్లాయిలు ఎన్ని చేతులు మారుతుందో, ఎన్ని సెంట్రింగు రేకులకి పూస్తారో అక్కడ తిరిగినవాళ్ళకి తెలుసు. 2023లో కేంద్రం నిబంధనలు సవరించి, 2024 ఏప్రిల్ నుంచి ఆయిలు అమ్మే కంపెనీల మీదే పాత ఆయిలు వెనక్కి చేర్చే బాధ్యత పెట్టింది. రోడ్డు పక్క మెకానిక్ దాకా అది దిగుతుందా అన్నదే అసలు ప్రశ్న.

ఇక మిగిలింది చట్టం. మనవాళ్ళలో చాలామందికున్న భయం, నేనే మార్చుకుంటే వారంటీ పోతుందేమో అని. మా బావగారు కొత్త బండి కొన్నప్పుడు అదే అన్నారు, "ఎందుకురా ఈ మసి పని, రేపు ఇంజను పోతే డీలరు చేతులెత్తేస్తాడు". ఎత్తలేడు. 1975 జనవరిలో ప్రెసిడెంటు ఫోర్డ్ (కారు ఫోర్డ్ కాదు) సంతకం పెట్టిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఫలానా బ్రాండు భాగమే వాడాలి, ఫలానా చోటే సర్వీసు చేయించాలి, లేకపోతే వారంటీ చెల్లదు అని కంపెనీ షరతు పెట్టకూడదు, వాటిని ఉచితంగా ఇస్తే తప్ప. ఇంజను పాడవడానికి మీరు చేసిన పనే కారణమని చూపించాల్సింది కంపెనీయే. అదే ఏడాది డిసెంబర్లో ఆయనే ఇంధన పొదుపు చట్టం మీదా సంతకం పెట్టాడు. మైలేజీ లెక్కల కోసం 2001 ప్రాంతంలో ఫోర్డ్, హోండా పల్చటి 5డబ్ల్యు-20కి మారడానికి మూలం అదే. అంటే నా గ్యారేజీలో ఆ సీసా ఉండడానికి ఒక చట్టం, దాన్ని నేనే పోసుకోగలగడానికి ఇంకో చట్టం, రెండూ 1975వే.

నా గ్యారేజీ అన్నాను గానీ నాకు గ్యారేజీ లేదు. మా అపార్టుమెంటు లీజులో పార్కింగులో బండి రిపేర్లు నిషేధం, ఆయిలు మార్పుతో సహా. అందుకని మా అక్కావాళ్ళింటి డ్రైవ్‌వేకి వెళ్తాను. సొంతిళ్ళ కాలనీల్లో కూడా ఇలాంటి రూళ్ళు బోలెడు. కాలిఫోర్నియాలో శాక్రమెంటో కౌంటీ అయితే, ఇళ్ళ మధ్య చిన్న రిపేర్లు చేసుకోవచ్చు గానీ మామూలుగా ఇంట్లో ఉండని పనిముట్లు వాడకూడదని రాసుకుంది. రెంచి ఇంట్లో ఉండే పనిముట్టా కాదా? ఆయిలు నేలపాలవుతుందన్న భయం అర్థమవుతుంది, టైమ్స్ బీచ్ చదివాక ఇంకా బాగా. కానీ నేల పాడుకాకుండా చూడ్డం వేరు, అసలు చెయ్యి పెట్టొద్దనడం వేరు. మొదటిదానికి తొట్టి, కొట్టు చాలు. రెండోదానికి పరిష్కారం పది నిమిషాల దుకాణమే, స్టిక్కరుతో సహా.

బండ్లలో మన వృత్తి ఎక్కువయ్యేకొద్దీ ఈ గొడవ ఆయిలు దాటి చాలా దూరం పోయింది. 2012లో మసాచుసెట్స్ ఓటర్లు రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకీ ఇవ్వాలని ఓటేశారు. 2015లో ట్రాక్టర్లతో సహా సొంత బండి సాఫ్ట్‌వేరుని రిపేరు కోసం తెరిచే హక్కుకి కాపీరైటు చట్టంలో మినహాయింపు వచ్చింది. 2025 జనవరిలో ఇదే విషయం మీద ఎఫ్‌టీసీ జాన్ డీర్ కంపెనీపై దావా వేసింది. ఆ ట్రాక్టర్లకి తాళాలేసే కోడు ఎవరు రాశారంటారు? మనలాంటివాళ్ళే. ప్రొడక్ట్ మేనేజరు టికెట్ ఇస్తాడు, మనం స్ప్రింటులో పూర్తి చేస్తాం.

ఫోర్డ్ పికప్పుల్లోనే ఈమధ్యి కొన్ని ఇంజన్లకి ఆయిలు పళ్ళెం ప్లాస్టిక్‌ది, బిరడా కూడా పసుపు పచ్చ ప్లాస్టిక్‌ది, పావు చుట్టు తిప్పితే చాలు, రెంచి కూడా అక్కర్లేదు. రెంచీ పట్టి పెరిగిన పెద్దాయనలు దాన్ని చూసి మొహం చిట్లిస్తారు గానీ నాకు ముచ్చటేసింది. అదే కంపెనీ 2022లో అమ్మకానికి తెచ్చిన కరెంటు ఎఫ్-150కి ఇంజనాయిలే లేదు, మార్చే పనీ లేదు.

ఇంట్లో మొదలెట్టాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. ఆయిలు, ఫిల్టరు కొన్న రసీదులు పారెయ్యకండి. వాటి మీదే తారీఖు, ఓడోమీటరు రీడింగు పెన్నుతో రాసి గ్లవ్‌బాక్సులో పెట్టుకోండి. 1975 చట్టం మన వైపే ఉన్నా, సకాలంలో మార్చామని చూపించుకోవడానికి డీలరు ముందు పనికొచ్చేది ఆ కాగితాలే. నేను స్ప్రెడ్‌షీటు కూడా పెట్టుకున్నాను, ఎంతైనా అలవాటు కదా. ఇప్పటిదాకా పదకొండు వరసలున్నాయి, అన్నీ ఐదువేల మైళ్ళ తేడాతోనే.